కడగకూడని జాడీ

జాడీ కడిగింది నేనే. ఈ మూడు మాటలు నోటితో అనడానికి నాకు తొమ్మిది వారాలు పట్టింది.

కడిగితే తప్పేముంది అంటారా? ఆ రోజు నేనూ అదే అనుకున్నాను. అందుకే మొదటినుంచీ చెప్తాను.

మా ఊళ్ళో నాకు పిండిమర ఉండేది. మా నాన్న పెట్టిందది. ఇరవై ఏళ్ళు నడిపాను. ప్యాకెట్ల పిండి వచ్చాక జనం డబ్బాలు నెత్తిన పెట్టుకుని రావడం మానేశారు. మర మూతపడింది. అప్పటికే ఈ దూరదేశం చేరిన మా బావమరిది "రా బావా, ఇక్కడ రెండు చేతులుంటే చాలు, బతికేయొచ్చు" అన్నాడు. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ళ పాప, నాలుగు పెట్టెలతో వచ్చి పడ్డాం. మేమొచ్చిన నెలకే వాడికి ఇంకో ఊళ్ళో మంచి పని దొరికింది. వెళ్ళిపోయాడు.

"మా తమ్ముడు మనల్ని గట్టెక్కిస్తాడనుకున్నాను. గట్టు మీద దించేసి పడవ తోలుకుపోయాడు" అంది మా ఆవిడ, సొంత తమ్ముడని కూడా చూడకుండా.

కొత్తచోట అన్నీ కొత్తే. తలుపులు ఎప్పుడూ వేసే ఉంటాయి. మెట్ల మీద ఎదురుపడ్డవాళ్ళు తల దించుకుని తప్పుకుంటారు. మంచినీళ్ళు కూడా పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉంటాయి. వాళ్ళ మాట నాకు సగం అర్థమయ్యేది, సగం అయ్యేది కాదు. అర్థమైనా కాకపోయినా తలూపేవాణ్ణి. ఏ మాటా రాకముందే వలసపోయినవాడికి వచ్చే విద్య అది.

మా వీధి చివర బేకరీలో గిన్నెలు కడిగే పని దొరికింది. తెల్లవారుజామున మొదలై మధ్యాహ్నానికి ముగిసిపోయే కొలువు. యజమాని పొడుగాటి మనిషి, కనుబొమ్మల నిండా ఎప్పుడూ పిండి. మా ఆవిడ ఆయనకి 'తెల్లకనుబొమ్మలు' అని పేరు పెట్టింది. తాతల నాటి కొట్టు అది. పిండి కలపడం, ముద్దలు చెయ్యడం ఒకావిడ చేతిలో ఉండేది. అరవై దాటిన మనిషి, పొట్టిగా, మోచేతుల దాకా తెల్లగా, కళ్ళజోడు తాడు కట్టి మెడలో వేసుకుని ఉండేది. యజమాని తండ్రి హయాంలో చేరిందట. ముప్ఫై ఒక్క ఏళ్ళు.

చేరిన వారంలోనే ఆవిడ నన్ను అడిగింది. "మీ వైపు నాలాంటి ఆడవాళ్ళని ఏమని పిలుస్తారు?"

"వయసుని బట్టి. అక్క, అత్త, అమ్మమ్మ."

"మరి నేను దేంట్లోకి వస్తాను?"

ఆవిడ తెల్లజుట్టు చూశాను. ఆవిడ నావైపు చూస్తున్న చూపూ చూశాను. "అక్క" అన్నాను.

"అబద్ధం బాగా ఆడతావే!" అని పడీపడీ నవ్వింది. "సరే, అక్కే. మరి నిన్నేమనాలి?"

"తమ్ముడు."

మా భాషలో ఆవిడ నేర్చుకున్నవి ఆ రెండు మాటలే. కానీ ఎంత చక్కగా అనేది! "తమ్ముడూ, ఆ పళ్ళెం!" "తమ్ముడూ, మీ ఊళ్ళో మనుషులు తినేటప్పుడు కూర్చుంటారా, లేక నీలాగే నిలబడి మింగేస్తారా?" మిగతావాళ్ళు మాత్రం నా పాత పని తెలిసి నన్ను పిండిమర అని పిలిచేవారు.

పాపని బడిలో వేసేటప్పుడు మా ఆవిడతో వెళ్ళింది అక్కే. మా గదిలో చలికి కిటికీ సందులు మూయడానికి పాత దుప్పటి చింపి ఇచ్చింది అక్కే. ఆదివారం మధ్యాహ్నాలు వచ్చి కూర్చుని, పాపకి రొట్టెపిండితో పిట్టలు చేసి చూపించేది. మెట్ల మీద తల దించుకుపోయే ఆ ఊళ్ళో మా తలుపు కొట్టిన మనిషి ఆవిడొక్కతే.

ఇక జాడీ సంగతి. బేకరీ మూలన, గోడవారగా, మోకాలెత్తు మట్టిజాడీ ఒకటి ఉండేది. దాంట్లో పులిసిన పిండి. రొట్టె పొంగడానికి అదే ఆధారం. దానికి వాళ్ళ భాషలో ఏదో పేరుంది. నేను చెప్పింది విని మా ఆవిడ "ఓహో, తోడుపిండి" అంది. మా ఇంట్లో అదే పేరు ఖాయమైంది. రోజూ పన్నెండింటికి అక్క ఆ జాడీలో పిండినంతా మర్నాటి రొట్టెల కోసం పెద్ద తొట్టిలోకి వంపేసేది. జాడీ గోడలకి అంటుకుని చారలు కట్టిన పిండి అలాగే ఉండేది. దాని మీద కొత్త పిండి, నీళ్ళు పోసి చేత్తో కలిపి గుడ్డ కప్పేది. ఆ అంటుకున్నదే రాత్రంతా పని చేసి, మర్నాటికి జాడీ నిండా నురగలా పొంగేది. యజమాని తాతగారి కాలం నుంచీ ఆ జాడీ అలా నడుస్తూనే ఉంది.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. తెలియాల్సినప్పుడు తెలియలేదు.

మూడో వారం, గురువారం. పొద్దుటినుంచీ అక్క మణికట్టు పట్టుకుని "నొప్పి" అంటూనే ఉంది. పన్నెండింటికి జాడీ వంపేసింది. ఇంతలో పిండి లారీ వస్తే, యజమానితో పాటు బస్తాలు చూసుకోవడానికి బయటికి వెళ్ళింది. నా గిన్నెలన్నీ అయిపోయాయి. జాడీలోకి తొంగి చూశాను. లోపల గోడలకి అట్టలు కట్టి, పొరలు పొరలుగా, గోధుమరంగులో, పుల్లటి వాసనతో ఎన్నాళ్ళదో పాచి.

మా అమ్మ పెంపకం ఎలాంటిదంటే, రాత్రి ఒక్క చెంచా ఎంగిలితో పడుంటే ఆవిడకి నిద్ర పట్టేది కాదు. "పాచి గిన్నె ఉన్న ఇంట్లోకి లక్ష్మి అడుగు పెట్టదురా" అనేది. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ పాచి గిన్నెలో వండింది తినలేదు. పాపం, అక్కకి నడుం వంగదు, మణికట్టు నొప్పి, జాడీ అడుగుదాకా చెయ్యి పోదు, అందుకే ఇలా వదిలేసింది అనుకున్నాను. మా తలుపు కొట్టిన ఒక్క మనిషికి ఈ మాత్రం చెయ్యలేనా అనుకున్నాను.

సలసల కాగే నీళ్ళు పోశాను. పీచుతో రుద్దాను. అడుగున గట్టిపడ్డది రాకపోతే, గోడకి వేలాడుతున్న అక్క చెక్కగరిటెతో గీకాను. దాని కొన పుటుక్కున విరిగింది. ఆ ముక్క జేబులో వేసుకుని, గరిటె ఎక్కడిదక్కడ తగిలించాను. జాడీ లోపలా బయటా అద్దంలా చేసి, పొడిగుడ్డతో తుడిచి మూలన పెట్టాను.

అక్క వచ్చింది. తల వెనక్కి తిప్పి లారీ డ్రైవరుని తిడుతూనే, జాడీలో పిండి పోసింది, నీళ్ళు పోసింది, చేత్తో కలిపింది, గుడ్డ కప్పింది. ముప్ఫై ఏళ్ళు చేసిన పని. కళ్ళతో అవసరం లేదు, ఆ మూల పెద్ద వెలుతురూ లేదు. ఆవిడ చూసి మెచ్చుకుంటుందని నేను నిలబడ్డాను. చూడలేదు. చేసిన మంచిపని మనమే చెప్పుకోకూడదంటారు కదా. పైగా జేబులో గరిటె ముక్క ఉంది. ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున రొట్టెలు మామూలుగానే వచ్చాయి, ముందురోజు తొట్టిలోకి వంపిన పిండితో. అన్నీ కాలి, అమ్ముడుపోయాయి. పన్నెండింటికి అక్క జాడీ మీద గుడ్డ తీసింది.

"ఇదేంటి, ఇలా పడుకుంది?"

యజమాని వచ్చాడు. జాడీలో తెల్లగా, చదునుగా, గోడకి వేసే సున్నంలా ఉంది పిండి. ఒక్క బుడగ లేదు. ఆయన వేలు పెట్టి నాకాడు. తర్వాత జాడీ అంచు తడిమాడు. జాడీని వెలుతురులోకి లాగాడు.

"దీన్ని ఎవరో కడిగారు" అన్నాడు.

ఆయన చూపు నామీదికి వచ్చింది. రావడం న్యాయమే, కడిగేవాణ్ణి నేనే కదా. నోరు తెరవబోయాను. నిజంగానే తెరవబోయానా? ఇప్పుడు నాకే అనుమానం.

"వాణ్ణి చూడకండి" అంది అక్క. "మొదటిరోజే చెప్పాను వాడికి, దీన్ని ముట్టుకోవద్దని. వాడు చెప్పిన మాట జవదాటడు. ఏం తమ్ముడూ, చెప్పానా లేదా?"

నేను తలూపాను.

ఎన్నోసార్లు ఊపిన తలే. అలవాటైన ఊపే. కానీ ఆ రోజు ఊపింది మాత్రం అన్నీ తెలిసి ఊపాను. ఎదురుగా పాప బడి కనిపించింది, గది కనిపించింది, తిరుగు ప్రయాణం కనిపించింది.

అక్క గోడ మీది గరిటె తీసింది. విరిగిన కొన చూసింది. "ఇదెప్పుడు విరిగింది?" అంది. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూసింది. అప్పుడావిడ ముఖంలోంచి ఏదో జారిపోవడం నేను చూశాను. ఎలా చెప్పను? చీకట్లో మెట్టు ఉందనుకుని అడుగు వేస్తే లేకపోతే, ఆ ఒక్క క్షణం మనిషి ఎలా అవుతాడో, అలా.

"నేనే కడిగుంటాను" అంది మెల్లగా. "నిన్న... నిన్న ఏం చేశానో నాకు సరిగా గుర్తు లేదు."

యజమాని వెళ్ళి చల్లారిన పొయ్యి తలుపు తెరిచాడు, మూశాడు. మళ్ళీ తెరిచాడు, మూశాడు. తర్వాత వచ్చి "పోనీలే, కొత్తది మొదలుపెడదాం" అన్నాడు. ఆయన గట్టిగా తిట్టి ఉంటే నేను అప్పుడే చెప్పేసేవాణ్ణేమో. మంచితనం కూడా ఒక్కోసారి మనిషి నోరు నొక్కేస్తుంది.

ఆ తర్వాత అక్క జోకులు ఆగిపోయాయి. ఉప్పు వేసి, వేశానా అని నన్నడిగేది. అరచేతిలో పెన్నుతో గీతలు పెట్టుకునేది. ఓ రోజు పిండి బస్తా మీద కూర్చుని చెప్పింది. "మా అమ్మకీ ఇలాగే మొదలైంది, తమ్ముడూ. ముందు కూరలో ఉప్పు రెండుసార్లు. తర్వాత తాళంచెవులు. చివరికి నేను అన్నం తినిపిస్తుంటే, ఎవరమ్మా నువ్వు, మీ అమ్మ ఎదురుచూడదా అని అడిగేది. నేను పోయిన నెలలో ఉప్పు రెండుసార్లు వేశాను, తెలుసా?"

"అందరం వేస్తాం అక్కా."

"అందరి అమ్మలూ అలా పోలేదు కదా."

పది రోజులకి ఆవిడే ఏప్రాన్ విప్పి మడిచి, యజమాని చేతిలో పెట్టింది. పొయ్యి దగ్గర ఏం మర్చిపోతానో, ఎవరిని కాలుస్తానో అంది. తన గరిటె తను తీసుకుంది. వెళ్తూ, "పిండిమరని పెట్టుకోండి నా చోట. వాడి చేతికి పిండి తెలుసు" అంది.

అలా నాకు పెద్ద పని వచ్చింది. మా ఆవిడ దేవుడికి దీపం పెట్టింది. నేను ఆ దీపం వైపు చూడలేకపోయాను.

రోజూ పొద్దున్నే స్నానం చేసి దేవుడి పటం ముందు నిలబడటం నాకు చిన్నప్పటి అలవాటు. చివర్లో ఎప్పుడూ ఒకటే మాట: తెలిసీ తెలియక చేసిన తప్పులు క్షమించు స్వామీ. నలభై ఏళ్ళుగా గడగడా అనేసే మాట. ఇప్పుడు అది గొంతులో అడ్డం పడటం మొదలైంది. జాడీ కడగడం తెలియక చేసింది. తలూపడం తెలిసి చేసింది. ఈ రెంటినీ ఒకే మూట కట్టి ఆయన ముందు పెడితే ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఇంకో సందేహం కూడా వచ్చింది. నేను అన్యాయం చేసింది అక్కకి. ఆవిడని అడక్కుండా నన్ను క్షమించడానికి స్వామికి మాత్రం హక్కుందా? పెద్దవాళ్ళనెవరినైనా అడుగుదామంటే ఈ ఊళ్ళో నాకెవరున్నారు? ఉన్న ఒక్క పెద్దదిక్కు ఆవిడే.

ఆ గరిటె ముక్కని పారేయలేక, జేబులో ఉంచుకోలేక పటం వెనక పెట్టాను.

బేకరీలో కొత్త తోడుపిండి పెట్టాం. పొంగేది, కానీ మనసు లేకుండా పొంగేది. రొట్టె బరువుగా, చప్పగా ఉండేది. రోజూ వచ్చే ముసలాయనొకాయన కొరికి చూసి, "ఎవరైనా పోయారా?" అని అడిగాడు. అక్క మా ఇంటికి రావడం మానేసింది. "అత్త ఎందుకు రావట్లేదు నాన్నా?" అని పాప అడిగితే, ఒంట్లో బాలేదన్నాను. ఒక అబద్ధం పెడితే పిల్లలు పెడుతుందంటారు. నాది బాగానే సంసారం పెంచింది.

జాడీ కడిగిన తొమ్మిదో వారంలో మా ఆవిడ పటం తుడుస్తోంది.

"ఏవండీ, దేవుడి వెనక ఈ చెక్కముక్కేంటి?"

ఆవిడ ముక్క పట్టుకుని నా ముందుకొచ్చి నిలబడింది. మా ఆవిడ అలా నిలబడితే నేను ఎంతోసేపు ఆగలేను. మొత్తం చెప్పేశాను.

అంతా వింది. "తోడు గిన్నె ఎవరైనా తోముతారా?" అంది.

"నాకేం తెలుసు?"

"ఇరవై ఏళ్ళు నా చేతి పెరుగు తిన్నారు. అది ఎలా తోడుకుంటుందో ఒక్కనాడూ తొంగి చూడలేదు. అక్కడికెళ్ళి మాత్రం తొంగి చూశారు!" అని, పటం వైపు చూపించింది. "పైగా దాచడానికి చోటే దొరకలేదా? స్వామికి వెనకవైపు కళ్ళుండవనుకున్నారా?"

"మరిప్పుడేం చెయ్యమంటావు?"

ఆవిడ వెంటనే 'వెళ్ళి చెప్పండి' అనలేదు. అబద్ధమెందుకు, అనలేదు. "ఆవిడ ఎలాగూ మానేసింది కదా..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆపేసింది. పాప పుస్తకాలు సర్దింది. ఆ రోజూ, ఆ మర్నాడూ మేమిద్దరం ఆ ఊసెత్తలేదు. ఒకే గదిలో ఇద్దరం దొంగల్లా మసిలాం. శనివారం మా ఆవిడ బజారునుంచి వచ్చి, సంచీ కూడా దించకుండా చెప్పింది.

"ఆవిడ కనిపించింది. మెడలో తాళంచెవి కట్టుకుంది, బడిపిల్లలా. నన్ను చూసి, నువ్వు ఫలానావేనా అని రెండుసార్లు అడిగింది. నన్ను గుర్తుపట్టింది కానీ, గుర్తుపట్టానని నమ్మకం లేదు ఆవిడకి." సంచీ అప్పుడు దించింది. "పని పోతే పోనీండి. మనం ఆవిడ బుర్ర తినేసి బతుకుతున్నామండీ."

ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. అక్కది రెండో అంతస్తులో ఒంటిగది. తలుపు తీసి, నన్ను చూసి, లోపలికెళ్ళి గోడ మీద ఏదో చదివి వచ్చింది. అప్పుడు "రా తమ్ముడూ" అంది.

గదినిండా కాగితాలు. తలుపు మీద: తాళంచెవి మెడలో ఉంది. కుళాయి మీద: కట్టు. పొయ్యి మీద పెద్ద అక్షరాలతో: వెలిగించకు. బల్ల మీద ఫ్లాస్కు. పక్కింటావిడ పొద్దున్నే టీ పోసిచ్చి వెళ్తుందట. చల్లని తిండే తింటోందట. నేను తలుపు దగ్గరే నిలబడి, కూర్చోకుండానే అన్నాను.

"అక్కా, జాడీ కడిగింది నేనే."

ఆవిడ నన్ను చూసింది. నేననుకున్నాను, అరుస్తుందని, ఏడుస్తుందని. నవ్వింది. జాలిగా నవ్వింది.

"అబద్ధం బాగా ఆడతావని మొదట్లోనే అన్నానుగా."

"నిజం అక్కా."

"నీ మనసు మంచిది. ముసలిదాని మీద జాలిపడి నెత్తికెత్తుకుంటున్నావు. వద్దు. పిల్లగలవాడివి. వెళ్ళు."

నేను దీనికి సిద్ధపడి రాలేదు. తిట్లకి సిద్ధపడ్డాను, తన్నులకి కూడా సిద్ధపడ్డాను. నా తప్పుని నేను రుజువు చేసుకోవాల్సి వస్తుందని అనుకోలేదు. వేడినీళ్ళని చెప్పాను, పీచని చెప్పాను, లారీ వచ్చిందని చెప్పాను. "అవన్నీ ఎవరైనా ఊహించి చెప్పొచ్చు" అంది. అప్పుడు జేబులోంచి ముక్క తీసి బల్ల మీద పెట్టాను.

ఆవిడ దాన్ని చూసింది. వెళ్ళి, అలమరాలోంచి గరిటె తెచ్చింది. కళ్ళజోడు పెట్టుకుంది. ముక్కని కొనకి ఆనించింది. ఒకవైపు సరిపోలేదు. తిప్పి ఆనించింది. పీచుపీచుగా విరిగిన చెక్క, పీచులో పీచు దూరి అతికిపోయింది. వేలితో ఆ గీత మీద అటూ ఇటూ రాసింది.

"దీనికోసం చెత్తబుట్టలన్నీ వెతికాను" అంది. "నేనే విరిచి, నేనే ఎక్కడో పారేసి, రెండూ మర్చిపోయాననుకున్నాను."

"అక్కా..."

"తొమ్మిది వారాలు." గొంతు పెంచలేదు. "నా పిల్లిని పక్కింట్లో ఇచ్చేశాను, అన్నం పెట్టడం మర్చిపోతానేమోనని. రాత్రి పడుకునే ముందు మా అమ్మ పేరు, మా నాన్న పేరు, నా పేరు పైకి చెప్పుకుని పడుకున్నాను. రోజూ. నువ్వేమో నా బల్ల దగ్గర నిలబడి పిండి కలుపుతున్నావు."

నేను ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టబోతే వెనక్కి జరిగింది. "లే. అవన్నీ నాకు తెలియవు" అంది. తర్వాత ఉన్నట్టుండి, "ఒకటి చెప్పు. దీన్ని ముట్టుకోవద్దని నేను నీకు చెప్పానా, లేదా? నిజం చెప్పు" అంది.

అది అడుగుతుందనుకోలేదు. చెప్పలేదంటే, ఆవిడ ఒక్కటైనా నిజంగా మర్చిపోయినట్టు. చెప్పిందంటే, మళ్ళీ అబద్ధం ఆడినట్టు.

"నాకు తెలీదక్కా" అన్నాను. "మొదటిరోజు మీరు చాలా చెప్పారు. అర్థమైనా కాకపోయినా అన్నింటికీ తలూపాను. వాటిల్లో అదీ ఉండొచ్చు."

ఆవిడ నా మొహంలోకి వెతుకుతున్నట్టు చూసింది. ఆ జవాబు ఆవిడకి చాలిందో లేదో నాకిప్పటికీ తెలియదు. మెల్లగా పొయ్యి దగ్గరికి వెళ్ళింది. దాని మీది కాగితం పీకింది. అగ్గిపుల్ల రెండుసార్లు ఆరిపోయింది, మూడోసారి వెలిగింది. గిన్నె పెట్టి ఒక్క కప్పు నీళ్ళు పోసింది. ఒక్క కప్పే.

"రేపు నువ్వు కొట్లో చెప్తావుగా" అంది, వెనక్కి తిరక్కుండా. "నేనూ వస్తాను. నా చెవులతో వినాలి."

సోమవారం అందరి ముందూ చెప్పాను. వాళ్ళ భాషలో ఒక్కో మాటా ముందే కూడబలుక్కుని వెళ్ళాను, ఎక్కడా తడబడి సగం మింగకూడదని. అక్క తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి వింది. యజమాని కనుబొమ్మలు పైకి లేవలేదు, కిందికి దిగలేదు. అంతా విని, "మా తాత జాడీ" అన్నాడు. తర్వాత, "ఆవిణ్ణి నేనూ నమ్మలేదు. నన్ను ఎవరు కడుగుతారు?" అన్నాడు. ఆ మాట నన్నంటున్నాడో, తనకి తను చెప్పుకుంటున్నాడో!

నన్ను పొమ్మంటాడని పెట్టె సర్దుకునే మనసుతోనే ఉన్నాను. పొయ్యి దగ్గర పనివాళ్ళలో ఒకడు నవ్వాపుకోలేక "కడగడమైతే వీడికి బ్రహ్మాండంగా వచ్చుగా!" అన్నాడు. అక్క నా ఒంటి మీది ఏప్రాన్ వైపు చెయ్యి చాపింది. విప్పి ఇచ్చాను. దులిపి కట్టుకుంది.

"గిన్నెల దగ్గర ఉండు" అంది నాతో. అంతే, అదే తీర్పు. యజమాని కాదనలేదు.

నాలుగు నెలలైంది. గిన్నెలు కడుగుతున్నాను. రొట్టెకి కొంచెం కొంచెంగా ప్రాణం వస్తోంది. ఆ ముసలాయన ఈమధ్య ఏమీ అనకుండా తిని వెళ్తున్నాడు. అక్క గరిటెకి సన్నని రాగితీగ చుట్టి వాడుతోంది. పిల్లి తిరిగి వచ్చిందట, పాపకి చెప్పింది. పాప కోసం మా ఇంటికి వస్తుంది, మా ఆవిడతో నవ్వుతుంది. గోడల మీద కాగితాలన్నీ పీకేసిందట, ఒక్కటి తప్ప. ఏ కాగితమో మా ఆవిడ అడగలేదు. నన్ను మాత్రం అందరిలాగే పిండిమర అంటుంది. తమ్ముడూ అనడం లేదు. ఆ మాట నేర్పింది నేనే. మళ్ళీ గుర్తు చేసే హక్కు నాకు లేదు.

పొద్దున పటం ముందు నిలబడి, తెలిసీ తెలియక అనే చోట ఆగుతాను. తెలిసి చేసింది ముందు విడిగా చెప్పుకుంటాను. తర్వాత మిగతాది.

పన్నెండింటికి అక్క జాడీలో పిండిని తొట్టిలోకి వంపేస్తుంది. ఇదివరకు మూలనే ఉంచేది. ఇప్పుడు దాన్ని ఎత్తుకొచ్చి, నేను గిన్నెలు కడిగే బల్ల మీద, సరిగ్గా నా ఎదురుగా పెట్టి, బయటికి వెళ్తుంది. పని ఉన్నా లేకపోయినా వెళ్తుంది. పావుగంటకి వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని లోపలికి చూసి, పట్టుకెళ్తుంది. నమ్మి పెడుతోందో, పరీక్షకి పెడుతోందో, లేక తను మర్చిపోలేదని తనకే చూపించుకుంటోందో అడగలేదు.

ఆ పావుగంటా నేను కుళాయి కట్టేస్తాను. చేతులు పొడిగుడ్డకి తుడుచుకుని, ఆ జాడీ ముందు నిలబడతాను.